రంగం కాందిశీకులు: ఏడేళ్ల లెక్క చెప్పలేని మనుషులు

తూర్పు తీరం వలసలు – ధారావాహిక

హౌరాలో బయల్దేరి మన వైపు వచ్చే రైలు ఏదైనా, కొద్ది నిమిషాల్లోనే టికియాపారా దాటుతుంది. సౌత్ ఈస్టర్న్ రైల్వే దారిలో హౌరా తరవాత మొదటి స్టేషను అదే. మన మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు. బెర్తుల కింద సామాన్లు సర్దుకునే హడావుడిలో ఉన్న ప్రయాణికులకు పక్కన కార్‌షెడ్డులో నిలబెట్టిన లోకల్ రైళ్లు కనిపిస్తే కనిపిస్తాయి, లేకపోతే లేదు. పేరుకు కలకత్తా ప్రయాణమే గానీ ఇది హుగ్లీ నదికి ఇవతలి గట్టు, హౌరా పట్టణం. బీహారు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు తరాలుగా బతుకుతున్న పేట.

1900లో రూపనారాయణ్ నది మీద కోలాఘాట్ వంతెన పూర్తయ్యాక బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు హౌరా చేరాయి. విశాఖ, గంజాం జిల్లాల జనం హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు వెళ్లింది ఎక్కువగా ఆ పట్టాల మీదే. 1942 ఎండాకాలంలో అవే పట్టాల మీద ఎదురు దిక్కు ప్రయాణం సాగింది. బర్మా నుంచి కొండలు దాటి, చిట్టగాంగ్ మీదుగానో అస్సాం మీదుగానో కలకత్తాలోని సియాల్దా స్టేషనులో దిగిన తెలుగువాళ్లు, నది దాటి హౌరాకు వచ్చి, వాల్తేరు వైపు బండి ఎక్కారు. ఇప్పుడున్న హౌరా వంతెన 1943 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. వాళ్లు దాటింది నీళ్ల మీద తేలే పాత వంతెన.

వాళ్లను పత్రికలు కాందిశీకులు అన్నాయి. అంతకు ఏడాది ముందు, 1941లో, ఇదే మనుషుల గురించి రంగూన్‌లోనూ సిమ్లాలోనూ వార్ధాలోనూ పెద్ద వాదన జరిగింది. బర్మాలో ఎవరు ఉండొచ్చు, ఎవరు ఉండకూడదు, ఎన్నేళ్లున్నవాడికి ఏ హక్కు, ఎంత రుసుము అన్నదే ఆ వాదన. ఈ భాగంలో చెప్పబోయేది దాని గురించి. యుద్ధం రావడంతో అది మరుగున పడింది. ఇప్పుడు చదువుతుంటే మాత్రం పాతబడ్డ విషయంలా అనిపించదు.

గత భాగాల్లో కోరంగి ఓడల సంగతి చూశాం. బర్మాలో తెలుగువాడికి కోరంగీ అన్న పేరు ఆ రేవు నుంచే వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి తెరచాప ఓడల కాలం పోయి, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పొగ ఓడలు వచ్చాయి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల్లో డెక్కు మీద జనాన్ని ఎక్కించుకుని రంగూన్‌లో దింపేవి. మన ఉత్తరాంధ్రలో ఆ ఊరు రంగం. కోతలకూ ధాన్యం మిల్లుల సీజనుకూ వెళ్లి, రెండు మూడేళ్లుండి, ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లేవాళ్లు. 1927లో ఒక్క ఏడాదిలోనే భారతదేశం నుంచి బర్మాలో దిగినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. వెనక్కి వచ్చినవాళ్లూ లక్షల్లోనే. 1931 జనాభా లెక్కల్లో బర్మాలోని భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఈ పది లక్షల్లో అందరూ ఒకటి కాదు. నట్టుకోట్టై చెట్టియార్లు వడ్డీ వ్యాపారులు. గుజరాతీలు, మార్వాడీలు వర్తకులు. బెంగాలీలు గుమాస్తాలు, వకీళ్లు. మనవాళ్లు రేవులో బస్తాలు మోసేవాళ్లు, ధాన్యం మిల్లు కూలీలు, రిక్షా లాగేవాళ్లు, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లు. తెలుగు డాక్టర్లూ టీచర్లూ దుకాణదారులూ లేకపోలేదు. కానీ రంగూన్‌లో ఒక తెలుగువాడిని ఊహించుకోమంటే ఆ కాలంలో ఎవరికైనా కళ్లముందు కనిపించేది భుజాన గోనెపట్టా వేసుకున్న రేవు కూలీయే.

ఆ కూలీకీ కంపెనీకీ మధ్య మేస్త్రీ ఉండేవాడు. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేదీ, ఓడ ఛార్జీ పెట్టుకునేదీ, రంగూన్‌లో చోటు చూపించేదీ, కంపెనీ దగ్గర కూలి తీసుకుని తన బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. కంపెనీ పుస్తకాల్లో మేస్త్రీ పేరుంటుంది, అతని కింద ఇంతమంది అన్న అంకె ఉంటుంది. కూలీ పేరు చాలాసార్లు మేస్త్రీ దగ్గర మాత్రమే ఉంటుంది. పాఠకులు ఈ ఒక్క వివరం గుర్తుపెట్టుకోవాలి.

ఈ పద్ధతి మీద మొదట గట్టిగా రాసినవారిలో ఎ. నారాయణరావు ఒకరు. ఆయన 1930లో బర్మాలోని కాంట్రాక్టు కూలీల గురించీ, 1933లో బర్మాలోని భారతీయ శ్రామికుల గురించీ ఇంగ్లీషులో పుస్తకాలు వెలువరించారు. అదే 1933లో ప్రభుత్వం వైపు నుంచి ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూన్ కూలీల మీద ఒక పుస్తకం అచ్చేశాడు. ఆయన వలసదారుల వ్యవహారాలు చూసే అధికారి. ఉద్యమకారుడూ అధికారీ వేర్వేరు గట్ల మీద నిలబడి మేస్త్రీ పద్ధతినీ కిక్కిరిసిన బసలనూ వర్ణించారు. విట్లీ అధ్యక్షతన వచ్చిన రాయల్ కమిషన్ కూడా బర్మా వెళ్లి చూసి, 1931 నివేదికలో ఈ పరిస్థితిని రికార్డు చేసింది. తెలియక జరిగిందని ఎవరూ అనడానికి లేదు.

ఒక చట్టపు చిక్కు కూడా ఉంది. 1922 భారత వలస చట్టం నైపుణ్యం లేని కూలీలను విదేశాలకు తీసుకుపోవడానికి షరతులు పెట్టింది. సిలోనుకూ మలయాకూ వెళ్లే కూలీకి ఆ చట్టం కింద ఎంతో కొంత రక్షణ దొరికింది. బర్మాకు వెళ్లేవాడికి దొరకలేదు. ఎందుకంటే అప్పటికి బర్మా విదేశం కాదు, బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. దేశం దాటినట్టు లెక్క కాదు గనక దాటినవాడికి ఉండే రక్షణ లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఆ రోజు రేవులో బస్తా మోస్తున్న కళింగపట్నం కూలీ, కాలు కదపకుండానే పరదేశి అయ్యాడు.

ఇక్కడ బర్మీయులను దుర్మార్గులుగా చూపించి ముందుకు పోవడం తేలిక. మన పాత రాతల్లో చాలా వాటిలో అదే కనిపిస్తుంది. అది న్యాయం కాదు. 1930 మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది. అప్పులు తీర్చలేని రైతుల భూములు చెట్టియార్ల చేతికి వచ్చాయి. దిగువ బర్మాలో వరి పండే 13 ముఖ్య జిల్లాల్లో 1930లో వాళ్ల చేతిలో ఉన్నది సాగుభూమిలో ఆరు శాతం, 1937 నాటికి పాతిక శాతం. తన దేశపు రాజధానిలో తానే మైనారిటీ అయి, తాత దున్నిన పొలం వడ్డీ వ్యాపారి పేరున మారి, రేవులో పని అడిగితే మేస్త్రీ ముఠా అడ్డుపడితే ఎవరికైనా కోపం రాదా? ఆ కోపం వెళ్లి తగిలింది మాత్రం చెట్టియారుకు కాదు. అతనికి పెట్టె ఉంది, కోర్టు ఉంది, గవర్నరు దగ్గర మాట ఉంది. తగిలింది వీధిలో కనిపించే కూలీకి.

1930 మే నెలలో ఇది బయటపడింది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టివెడోర్ కంపెనీలు బర్మీయ కూలీలను పనిలోకి దింపాయి. సమ్మె రాజీ కుదిరి మనవాళ్లు మళ్లీ పనికి వచ్చారు. అప్పటిదాకా చేసినవాళ్లకు ఇక రావొద్దని చెప్పారు. మే 26 ఉదయం రేవు దగ్గర మాటా మాటా పెరిగి, అది నగరమంతా పాకింది. కొన్ని రోజుల పాటు తెలుగువాళ్ల బసలను వెతికి మరీ కొట్టారు. చనిపోయినవాళ్లు వంద మందికి పైగా, ఎక్కువమంది తెలుగువాళ్లు. రెండు పక్షాల కూలీలనూ ఒకరిమీదికి ఒకరిని తోసిన కంపెనీలకు నష్టం ఏమీ లేదు. తరవాత రేవు పనిలో బర్మీయులకు వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ పనేదో మే 25న చేసి ఉంటే ఎలా ఉండేదో అన్నది చరిత్రకారుడు అడగకూడని ప్రశ్న. అయినా అడగాలనిపిస్తుంది.

1938 జులైలో మరోసారి అల్లర్లు జరిగాయి. ఈసారి ముఖ్యంగా ముస్లింల మీద. విచారణ జరిపిన బ్రాండ్ కమిటీ, భారతీయుల వలస మీద సరైన లెక్కలు తీయాలని చెప్పింది. ఆ పని జేమ్స్ బాక్స్టర్ అనే అధికారికి అప్పగించారు. ఆయన అంకెలన్నీ వేసి చూసి, భారతీయుల వలస వల్ల బర్మీయుల పని పోతోందన్న వాదనకు పెద్దగా ఆధారం లేదనీ, జనాభాలో వాళ్ల నిష్పత్తి మునుపటిలా పెరగడం లేదనీ తేల్చారు. అయినా ఏదో ఒక నియంత్రణ ఉండాలన్నారు. నివేదికలోని మొదటి సగం ఎవరికీ పట్టలేదు.

1941 జూన్‌లో వైస్రాయి కౌన్సిల్ సభ్యుడు గిరిజా శంకర్ బాజ్‌పాయ్ రంగూన్ వెళ్లి, బర్మా ప్రధాని ఊ సా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని వచ్చారు. జులైలో అది బయటికి వచ్చింది. నైపుణ్యం లేని కూలీలు బర్మాకు వెళ్లకుండా భారత ప్రభుత్వం అప్పుడే నిషేధం కూడా పెట్టింది. అక్టోబరు 1 నుంచి బర్మాలో అడుగుపెట్టాలంటే పర్మిట్టు ఉండాలి. ఎక్కువకాలం ఉండాలనుకునేవాళ్లకు ‘ఎ’ రకం, రుసుము 500 రూపాయలు. కొద్దికాలానికి వచ్చేవాళ్లకు ‘బి’ రకం. బర్మా స్త్రీని పెళ్లాడినా ఆమెతో కాపురం పెట్టినా పర్మిట్టు రద్దు చేసే వీలుంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు పూర్తి హక్కు. 1932 జులై 15కీ 1941 జులై 15కీ మధ్య తొమ్మిదేళ్లలో మొత్తం ఏడేళ్లు బర్మాలో ఉన్నట్టు చూపించగలిగిన వాళ్లకు ప్రత్యేక హోదా. మిగతావాళ్ల సంగతి ప్రభుత్వాల దయ.

ఏడేళ్లు ఉన్నట్టు చూపించడం ఎలా? చెట్టియారుకు లెక్కల పుస్తకం ఉంది. గుమాస్తాకు జీతం రసీదులున్నాయి. రెండేళ్లకోసారి ఇంటికొచ్చి, ఆర్నెల్లుండి, మళ్లీ వెళ్లే మేస్త్రీ కూలీకి ఉన్నదేమిటి? డెక్కు టిక్కెట్టు ఓడ దిగగానే పోతుంది. పేరు మేస్త్రీ పుస్తకంలో ఉంది. మేస్త్రీతో తగాదా పడితే ఆ పేరూ లేదు. అరవై ఏళ్లపాటు కూలీకి కాగితం లేకుండా నడిపించిన పద్ధతి, 1941లో ఒక్కసారిగా కాగితం చూపించమంది. ఒప్పందం రాసినవాళ్లకు ఇది తట్టలేదని నేను అనుకోను. పర్మిట్టు ధర 500 అని రాసినప్పుడు, రోజుకు రూపాయో రూపాయిన్నరో సంపాదించేవాడు వాళ్ల మనసులో లేడని మాత్రం తెలుస్తుంది.

నిరసన పెద్దఎత్తునే వచ్చింది. బర్మాలోని భారతీయ సంఘాలు, వర్తక మండళ్లు, చెట్టియార్ల సంఘం, ఇక్కడ కేంద్ర శాసనసభ సభ్యులు గొంతెత్తారు. బర్మా భారతీయులను అడగకుండా వాళ్ల గురించి సంతకం ఎలా పెట్టారన్నది మొదటి అభ్యంతరం. ఆగస్టులో గాంధీ వార్ధా నుంచి ప్రకటన ఇచ్చారు. భయంతో చేసుకున్నదనీ, శిక్ష వేసినట్టుందనీ ఒప్పందాన్ని తప్పుపట్టి, రద్దు చేయాలని కోరారు. ఆయనకు దక్షిణాఫ్రికాలో పర్మిట్ల సంగతి చేతికి కాలి తెలిసిన విషయం. ప్రవాస భారతీయుల వ్యవహారాల్లో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న హృదయనాథ్ కుంజ్రూ వంటివారు ఢిల్లీలో పట్టుబట్టారు.

ఈ నిరసన పత్రాల్లో ఎక్కువ చోటు దేనికి దక్కిందో చూస్తే, పోరాడినవాళ్ల మీద గౌరవం తగ్గకుండానే కొంచెం బాధ కలుగుతుంది. వ్యాపారుల రాకపోకలు, భూమి మీద పెట్టిన డబ్బు, భారతీయుల పరువు ముందు వరసలో ఉన్నాయి. కూలీ పేరు చెప్పి వాదించినవాళ్లు ఉన్నారు. కూలీ చెప్పుకున్న మాట విని వాదించినవాళ్లు తక్కువ. నారాయణరావు పుస్తకాల్లో ఉన్నంత మేస్త్రీ, బాకీ, బస 1941 తీర్మానాల్లో కనిపించవు. మేస్త్రీ పద్ధతి ఎత్తేయకుండా పర్మిట్టు ఎత్తేయమనడం సగం కోరికే అని గట్టిగా చెప్పినవారు నాకు తారసపడలేదు.

ఒక చిన్న పక్కదారి. రంగూన్‌లో సంతకం పెట్టిన బాజ్‌పాయ్ అదే ఏడాది ఏజెంట్ జనరల్‌గా వాషింగ్టన్ వెళ్లారు. ఆయన అక్కడున్న కాలంలోనే అమెరికాలోని భారతీయులు తమ పౌరసత్వం కోసం పోరాడుతున్నారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు గనక పౌరులు కాలేరని తేల్చింది. ఇండియా లీగ్ నడిపిన జె.జె. సింగ్, ముబారక్ అలీ ఖాన్ వంటివారు అమెరికన్ కాంగ్రెసు సభ్యుల గుమ్మాల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. 1946 జులై 2న ల్యూస్-సెల్లర్ చట్టం మీద ట్రూమన్ సంతకం పడింది. ఏడాదికి వంద మంది కోటా, ఉన్నవాళ్లకు పౌరసత్వ అవకాశం. ఆ పోరాటంలోనూ వకీలూ వ్యాపారీ ముందున్నారు. అయితే కాలిఫోర్నియా పంజాబీ రైతుల సమస్య, న్యూయార్కులోని బెంగాలీ నావికుల సమస్య చట్టసభ గదిలోకి వెళ్లాయి. ఇబ్రహీం చౌధురి వంటి మాజీ నావికుడు నావికుల తరఫున అక్కడ నిలబడ్డాడు. రంగూన్ రేవు నుంచి అలా సిమ్లాకు వెళ్లి నిలబడ్డ తెలుగు కూలీ పేరు మనకు మిగల్లేదు.

బర్మాకు తిరిగొద్దాం. అక్టోబరు 1 వచ్చింది, వెళ్లింది. వాదన ఇంకా నడుస్తుండగానే జపాను యుద్ధంలోకి దిగింది. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. జనం వీధుల్లో నిలబడి పైకి చూస్తున్నారు. రెండు రోజుల తరవాత, క్రిస్మస్ నాడు, మళ్లీ పడ్డాయి. ఒప్పందం అమలు కాకుండానే పోయింది.

కూలీలు ఊరు వదిలారు. వాళ్లు లేకపోతే రేవు నడవదు, మందుగుండు దిగదు, చెత్త ఎత్తేవాడు ఉండడు. కనుక ప్రభుత్వం వాళ్లను వెనక్కి రప్పించాలని చూసింది. జులైలో ఎక్కువైపోయారన్న మనుషులు జనవరికల్లా అవసరమైనవాళ్లు అయ్యారు. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. ఓడలో చోటు దొరికినవాళ్లు మద్రాసుకో, విశాఖకో, కలకత్తాకో చేరారు. మిగతావాళ్లు నడిచారు. ప్రోం నుంచి తౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు ఒక దారి. మాండలే వైపు వెళ్లి, తాము అనే ఊరి మీదుగా ఇంఫాల్, దిమాపూర్ చేరడం ఇంకొకటి. వానలు మొదలయ్యాక హుకాంగ్ లోయ గుండా నడిచినవాళ్ల పరిస్థితి అన్నిటికన్నా ఘోరం. బయల్దేరినవాళ్లు నాలుగైదు లక్షలు. కలరాకూ మలేరియాకూ ఆకలికీ దారిలో పోయినవాళ్ల అంచనాలు పదివేల నుంచి యాభై వేల దాకా ఉన్నాయి. ఒక యుద్ధకాలపు మరణాల లెక్కలో ఇంత ఖాళీ ఉందంటే, లెక్కపెట్టేవాళ్లు ఎవరూ అక్కడ లేరని అర్థం.

తాము దారిలో తెల్లవాళ్లకూ ఆంగ్లో ఇండియన్లకూ వేరే ఏర్పాట్లు, భారతీయులకు వేరే ఏర్పాట్లు అన్న ఫిర్యాదు ఢిల్లీకి చేరింది. ప్రవాస భారతీయుల శాఖ చూస్తున్న మాధవ్ శ్రీహరి అణే, కుంజ్రూ స్వయంగా మణిపూర్ వైపు వెళ్లి చూశారు. వివక్ష ఉందన్నారు. దాని మీద చట్టసభలో రభస జరిగింది, ఏర్పాట్లు కొంత మెరుగుపడ్డాయి. 1941 జులై నుంచి నడిచిన ఉద్యమంలో నేరుగా కూలీ కాలికి అందిన ఫలితం ఏదైనా ఉంటే అది ఇదే అనుకుంటాను. బియ్యం, నీళ్లు, ఒక లారీ. కలకత్తా మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంస్థలు అస్సాంలోనూ కలకత్తాలోనూ అన్నం పెట్టాయి, మందులిచ్చాయి.

అలా బతికి బయటపడ్డవాళ్లు హౌరాలో బండి ఎక్కేసరికి, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా జపాను బాంబులు పడ్డాయి. వాల్తేరు, విశాఖ నుంచి జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకు పోతున్నారు. బండి దిగి ఇంటికి వచ్చినవాళ్లు, ఇల్లు వదిలి పోతున్నవాళ్లు ఒకే ప్లాట్‌ఫారం మీద కలుసుకున్న రోజులవి.

యుద్ధం ముగిశాక చాలామంది మళ్లీ రంగం వెళ్లాలనుకున్నారు. పొలమో, దుకాణమో, రావలసిన బాకీయో, పెళ్లాడిన బర్మా స్త్రీయో, ఏదో ఒకటి అక్కడ మిగిలింది. 1947లో బర్మా అత్యవసర వలస చట్టం తెచ్చి, పర్మిట్టు లేనిదే రానివ్వమంది. 1948 జనవరి 4న స్వతంత్రం వచ్చాక, కొత్త రాజ్యాంగం బ్రిటిష్ ఏలుబడిలోని దేశాల్లో పుట్టి బర్మాలో స్థిరపడినవాళ్లకు పౌరసత్వం కోరుకునే అవకాశం ఇచ్చింది. షరతు ఏమిటంటే, 1942 జనవరి 1కి ముందు పదేళ్లలోనో, స్వాతంత్ర్యానికి ముందు పదేళ్లలోనో ఎనిమిదేళ్లు అక్కడ ఉండి ఉండాలి. 1941లో తొమ్మిదికి ఏడు, 1948లో పదికి ఎనిమిది. ఈసారి కూలీ దగ్గర ఇంకా తక్కువ కాగితాలున్నాయి. మేస్త్రీ పుస్తకం రంగూన్ మంటల్లో పోయింది. ఉన్న కాగితమేదైనా ఉంటే తౌంగప్ కనుమ దారిలో పోయింది.

దరఖాస్తు పెట్టగలిగినవాళ్లు కొందరు పెట్టారు. పెట్టలేనివాళ్లు విదేశీయుల రిజిస్టరులో పేరు రాయించుకుని అక్కడే ఉండిపోయారు. పిల్లల్ని కన్నారు, బర్మీయ పేర్లు పెట్టుకున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నారు. 1962లో జనరల్ నీ విన్ అధికారం పట్టి, మరో రెండేళ్లకు దుకాణాలను జాతీయం చేశాక, వాళ్లను ఎక్కించుకున్న ఓడలు విశాఖపట్నానికీ మద్రాసుకూ వచ్చాయి. విశాఖలోని బర్మా క్యాంపు కథ వచ్చే భాగంలో.